షాజహానాబాద్ దర్వాజాలు, యమునా తీర హవేలీలు

ఈనాడు పాత ఢిల్లీ అని పిలుస్తున్న నగరానికి షాజహానాబాద్ అని పేరు. మొగల్ చక్రవర్తి షాజహాన్ రాజధానిని ఆగ్రా నుంచి తరలించదలచి 1639లో యమున పడమటి ఒడ్డున ఎర్రకోటకు పునాది వేయించాడు. 1648లో కోట పూర్తయింది. నగరం చుట్టూ 1650లో మట్టితో లేపిన గోడ మరుసటి ఏటి వానలకే కూలింది. దాని స్థానంలో సుమారు 27 అడుగుల ఎత్తు, 12 అడుగుల మందంతో రాతి గోడ కట్టడానికి ఏడేళ్లు పట్టింది. ఈ గోడలోని దర్వాజాలు, నది అంచున వెలసిన హవేలీలు ఢిల్లీ చరిత్రలో ఒకే కథకు రెండు భాగాలు. నేల వైపు దర్వాజాలు ఊరికి కాపలా. ఏటి ఒడ్డు పాలించేవాళ్ల సొంతం. పాలకులు మారినా ఆ ఒడ్డు మాత్రం ఎప్పుడూ కొత్త ఏలికల చేతుల్లోకే వెళ్లింది.

నేల వైపు పెద్ద దర్వాజాలకు ఎక్కువగా దారి చేరే ఊళ్ల పేర్లే పెట్టారు: కశ్మీరీ, కాబూలీ, లాహోరీ, అజ్మీరీ. దక్షిణాన ఉన్నది ఢిల్లీ దర్వాజా. ఢిల్లీలోనే ఢిల్లీ దర్వాజా ఏమిటని కొత్తవారు అడుగుతుంటారు. దక్షిణాన ఉన్న అంతకు ముందటి ఢిల్లీలకు దారి అదే. తుర్క్‌మాన్ దర్వాజాకు మాత్రం నగరం కంటే నాలుగు వందల ఏళ్లు పెద్దవాడైన సూఫీ షా తుర్క్‌మాన్ బయాబానీ పేరు వచ్చింది. ఆయన 1240లో కన్నుమూశాడు, సమాధి దర్వాజా పక్కనే ఉంది. నది వైపున రాజ్‌ఘాట్, నిగంబోధ్ వంటివి రేవులకు దిగే వాకిళ్లు. బ్రహ్మకు మరచిన వేదాలు మళ్లీ స్ఫురించింది నిగంబోధ్ రేవులోనేనని స్థల పురాణం. ఇప్పుడది నగరంలోని ప్రధాన శ్మశాన ఘాట్లలో ఒకటి.

తెలుగు పాఠకుడు ఆగి చూడవలసింది అజ్మీరీ దర్వాజా దగ్గర. దాని వెలుపల ఘాజీయుద్దీన్ ఖాన్ ఫిరోజ్‌జంగ్ మదర్సా ఉంది. 1687 గోల్కొండ ముట్టడిలో ఔరంగజేబు సేనానుల్లో ఇతనొకడు. ఇతని తండ్రి ఖాజా ఆబిద్ ఆ ముట్టడిలోనే ఫిరంగి గుండు దెబ్బకు చనిపోయాడు. కొడుకు మీర్ ఖమరుద్దీన్ తర్వాతి కాలంలో దక్కనును చేజిక్కించుకుని మొదటి ఆసఫ్‌జా అయ్యాడు. అంటే హైదరాబాదు నిజాముల వంశ మూలపురుషుల్లో తాత గోల్కొండ దగ్గర ఉంటే, తండ్రి ఢిల్లీ గోడ పక్కన మసీదును ఆనుకుని, జాలీలు చెక్కిన పాలరాతి కంచె మధ్య పడుకుని ఉన్నాడు. ఆ ఆవరణలోనే 1825లో ఢిల్లీ కాలేజీ మొదలైంది. దాని వారసత్వమే నేటి జాకిర్ హుసేన్ కళాశాల. పాత ఆవరణలో ఇప్పుడు ఆంగ్లో అరబిక్ స్కూలు నడుస్తోంది.

ఇక ఏటి ఒడ్డు. ఢిల్లీ ఎండల్లో నీటి మీద నుంచి వచ్చే గాలి కంటే గొప్ప భాగ్యం లేదు. అందుకే కోటలో చక్రవర్తి అంతఃపుర మహళ్లన్నీ తూర్పు అంచునే, నదికి ఎదురుగా కట్టారు. ఝరోకా నుంచి ఆయన దర్శనమిచ్చేది కింద ఇసుకలో నిలబడ్డ జనానికి. కోటకు ఉత్తరాన అదే ఒడ్డున స్థలం దొరికింది పెద్ద కొడుకు దారా షికోకు. ఆ నిగంబోధ్ హవేలీలోనే కాశీ పండితుల సాయంతో 50 ఉపనిషత్తులను పారసీలోకి తెచ్చే పని 1657లో ముగిసింది. ‘సిర్రె అక్బర్’ అనే ఆ గ్రంథాన్ని ఆంక్వెటిల్ దుపెరోఁ 1801-02లో లాటిన్‌లోకి తెచ్చాడు. జర్మన్ తాత్త్వికుడు షోపెన్‌హావర్ ఉపనిషత్తులను చదివింది ఆ లాటిన్‌లోనే. గ్రంథం ముగిసిన రెండేళ్లకే, 1659లో, తమ్ముడు ఔరంగజేబు దారాను చంపించాడు.

1803లో ఢిల్లీ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక మొదటి రెసిడెంటు డేవిడ్ ఆక్టర్‌లోనీ కాపురం పెట్టింది ఈ ఇంట్లోనే. ముందు వైపు నిలువెత్తు తెల్లని యూరపు స్తంభాలు నిలిపారు. వెనక్కి వెళ్లి చూస్తే మాత్రం ఎర్ర రాతి మొగల్ స్తంభాలు, వంపుల కమానులు గోడలో కూరుకుపోయి నేటికీ కనిపిస్తాయి. కూల్చకుండా ముఖం మార్చేశారన్నమాట! తర్వాత అది బడి అయింది, కళాశాల అయింది. 2023లో దేశ విభజన మ్యూజియం అక్కడికి చేరింది.

ఆ దగ్గరలోనే షాజహాన్ కాలపు అమీరు అలీ మర్దాన్ ఖాన్ భవనపు నేలమాళిగల మీద మరో కంపెనీ దొర విలియం ఫ్రేజర్ ఇల్లు కట్టుకున్నాడు. 1835 మార్చి 22న అతన్ని కాల్చి చంపారు. ఆ నేరం కింద ఫిరోజ్‌పూర్ ఝిర్కా నవాబు షంసుద్దీన్ ఖాన్‌ను అదే ఏడాది అక్టోబరులో కశ్మీరీ దర్వాజా ఎదుట ఉరి తీశారు. నవాబుకు అప్పటికి నాలుగేళ్ల కొడుకు ఉన్నాడు. అతను ఎర్రకోటలో పెరిగి, దాగ్ దెహ్లవీగా పేరు తెచ్చుకుని, చివరికి హైదరాబాదు చేరి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు కవితా గురువయ్యాడు. 1905లో అక్కడే మరణించాడు. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో సమాధి ఉంది. ఫ్రేజర్ ఇంట్లో రైల్వే కార్యాలయం నడుస్తోంది.

కశ్మీరీ దర్వాజా దాటి ఉత్తరాన, గోడ వెలుపల ఇంకో కంపెనీ దొర థామస్ మెట్‌కాఫ్ ఏటి అంచునే పెద్ద మేడ కట్టాడు. స్థానికులు దాన్ని ‘మట్కా కోఠీ’ అనేశారు. 1857 తిరుగుబాటులో చుట్టుపక్కల గూజర్లు ఆ ఇంటిని కొల్లగొట్టారు. అయినా ఆ మేడ నిలవడమే కాదు, కొత్త ప్రభుత్వాలకు పనికి వచ్చింది కూడా. 1920లలో కౌన్సిల్ ఆఫ్ స్టేట్ అక్కడ సమావేశమయ్యేది. 1947 ఏప్రిల్ 21న సర్దార్ పటేల్ తొలి ఐఏఎస్ శిక్షణార్థులతో మాట్లాడింది అక్కడే. ఏటా సివిల్ సర్వీసుల దినోత్సవం జరుపుకునేది ఆ తేదీనే. ఇప్పుడది రక్షణ పరిశోధన సంస్థ అధీనంలో ఉంది.

1857లో దర్వాజాలన్నీ ఒక్కసారిగా చరిత్రకెక్కాయి. మే 11 ఉదయం తిరగబడ్డ మీరట్ సిపాయిలు పడవల వంతెన మీదుగా నది దాటారు. అధికారులు వంతెన దగ్గరి కలకత్తా దర్వాజా మూయించారు. సిపాయిలు కోట గోడ కింద ఇసుకలో నిలబడి చక్రవర్తిని కేకలు వేసి పిలిచి, దక్షిణాన రాజ్‌ఘాట్ దర్వాజా నుంచి ఊళ్లోకి వచ్చారు. ఎత్తయిన నేల దర్వాజాలు, వాటి బురుజులు ఆ రోజు దేనికీ అక్కరకు రాలేదు. సాయంత్రానికి, ఒకప్పటి దారా స్థలంలోనే ఉన్న ఆయుధాగారాన్ని కాపలా ఆంగ్లేయులే పేల్చేశారు. దాని వాకిలి లోథియన్ రోడ్డు మధ్యలో ఇప్పటికీ ఉంది. తిరిగి సెప్టెంబరు 14న కంపెనీ సేన కశ్మీరీ దర్వాజా తలుపును మందుగుండుతో పగలగొట్టి లోపలికి వచ్చింది. గుండ్ల గుంటలు ఆ రాళ్ల మీద ఇంకా చెరిగిపోలేదు. 22న కెప్టెన్ హడ్సన్ ముగ్గురు మొగల్ షాజాదాలను కాల్చి చంపిన ‘ఖూనీ దర్వాజా’ షాజహానాబాద్ గోడలోనిది కాదు. అంతకు ముందటి సూర్ వంశ కాలపు కట్టడం.

తర్వాత జరిగిన నష్టం యుద్ధంలో జరిగినదాని కంటే పెద్దది. కోట చుట్టూ తుపాకీ దెబ్బకు అడ్డు లేకుండా ఇళ్లూ మసీదులూ నేలమట్టం చేశారు. 1867 నాటికి ఇనుప వంతెన మీదుగా రైలు నేరుగా నగర గర్భంలోకి వచ్చింది. కలకత్తా దర్వాజా, ఆ వెనుక లాహోరీ, కాబూలీ, మోరీ దర్వాజాలు పోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక అజ్మీరీ, ఢిల్లీ దర్వాజాల మధ్య గోడ తీసేసి అసఫ్ అలీ రోడ్డు వేశారు. నది తూర్పుకు జరిగిపోయింది. ఒకప్పుడు నీరు పారిన చోట రింగ్ రోడ్డు నడుస్తోంది. అయితే యమున ఆ దారి పూర్తిగా మరిచిపోలేదు: 2023 జూలైలో పాత ఇనుప వంతెన దగ్గర మట్టం రికార్డు స్థాయిలో 208.66 మీటర్లకు చేరి, నీళ్లు రింగ్ రోడ్డు మీదుగా ఎర్రకోట వెనుక గోడను తాకాయి.

పెద్ద దర్వాజాల్లో కశ్మీరీ, అజ్మీరీ, తుర్క్‌మాన్, ఢిల్లీ దర్వాజాలు నిలిచాయి. తుర్క్‌మాన్ దర్వాజా పేరు చెబితే ఢిల్లీవాళ్లకు ఇప్పుడు ముందు గుర్తొచ్చేది సూఫీ కాదు, ఎమర్జెన్సీ. 1976 ఏప్రిల్‌లో దాని పక్క బస్తీలోని ఇళ్ల మీదికి బుల్‌డోజర్లు వచ్చాయి. అడ్డుపడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు.