భూటాను ద్వారములు

హిమవత్పర్వతము యొక్క దక్షిణపు వాలున, వంగదేశపు మైదానమును అస్సాము మైదానమును ముగిసి కొండలు మొదలగు చోట, ఒక పొడవైన యడవిపట్టె కలదు. దానిని దువారు లందురు. ఇది సంస్కృత ద్వారశబ్దమునకు వికృతియే. భూటాను కొండలలోనికి పోవు కనుమలు 18. అందు 11 వంగదేశపు వైపునను, 7 అస్సాము వైపునను ఉన్నవి. ఒక దేశమునకు పోవు దారులకు ద్వారములని పేరు వచ్చుట విశేషము. దారి యెల్లరిది, ద్వారమునకు మాత్రము లోపల నొక యజమానుడుండును. ఆ యజమానుడు ఎవరిని లోనికి రానిచ్చెను, ఎవరిని గడపకడ నిలిపెను, ఎవరిని గెంటివేసెను అనునదియే భూటానునకు పోయిన పరదేశీయుల చరిత్రలో ముఖ్యభాగము.

ఈ కాలమున మన గృహములలో యాత్రాకాంక్ష పెరిగినది. గుంపుతో పోయి, గంటకొక క్షేత్రము చూచి, బస్సులో నిద్రించి వచ్చుట రోసి, తమ తీరికకును తమ అభిరుచికిని తమ సంచిలోని సొమ్మునకును సరిపడునట్లు ఒక చిన్నదేశపు యాత్రను తామే కూర్చుకొనవలెనని పలువురు కోరుచున్నారు. కోరిక మంచిదే. అయితే భూటాను విషయమున యాత్రను కూర్చువాడు యాత్రికుడొక్కడే కాడు. ఆ దేశమును తన కొలత తాను పట్టును. ఈ రెండు కొలతలకు పొత్తు కుదిరినపుడే ప్రయాణము సుఖముగా సాగినది. కుదరనపుడు యుద్ధమే వచ్చినది.

దేశము చిన్నది. 2022 లో విభజింపబడక పూర్వము మన యనంతపురము జిల్లా యెంత యుండెనో, అట్టివి రెండు కలిపినంత విస్తీర్ణము. సుమారు 38,000 చదరపు కిలోమీటర్లు. 2017 జనాభా లెక్కలలో తేలిన సంఖ్య 7 లక్షల 27 వేలు. మన సంస్కృత గ్రంథములలో భోటశబ్దము టిబెట్టునకు వర్తించును. ఆ భోటదేశమునకు అంతమున నున్నది గావున భోటాంతమని కొందరు వ్యుత్పత్తి చెప్పుదురు. వ్యుత్పత్తుల మాట యెట్లున్నను, ఆ దేశీయులు తమ దేశమును డ్రుక్ యూల్ అందురు; ఉరుమువలె గర్జించు నాగరాజు దేశమని దాని యర్థము.

అచ్చటికి పోయి వ్రాత విడిచిన తొలి యూరోపీయులు కాసెల్లా, కబ్రాల్ అను ఇరువురు పోర్చుగీసు జెస్యూటు సన్న్యాసులు. 1627 లో వారు పోవునప్పటికి, టిబెట్టులోని రాలుంగు మఠమునుండి 1616 లో వచ్చిన శబ్‌డ్రుంగు ఙవాంగ్ నంగ్యాల్ ఆ లోయలను ఒక రాజ్యముగా కూర్చుచుండెను. చేరి అను కొండమఠమున ఆయన వారిని ఆదరించి, కొన్ని నెలలు తనవద్ద నుంచుకొని, మతబోధకును అడ్డు చెప్పలేదు. వారికో, టిబెట్టునకు పోవలెనని తొందర. ఆయనకు వారిని పోనిచ్చుట యిష్టము లేదు. తుదకు వారు వెడలిపోయిరి. కాసెల్లా 1630 లో టిబెట్టులోని షిగత్సేలో మరణించెను. ఆతిథ్యము, ఆలస్యము అను రెండును ఆ దేశపు గడపలో జంటగా కనబడుట యిది మొదలు.

తరువాతి ముఖ్యుడు జార్జి బోగిల్. భూటానీయులు 1772 లో కూచ్‌బిహారును ఆక్రమింపగా, కంపెనీ సేనలు వారిని తరిమివేసెను. అంతట టిబెట్టులోని పాంచెన్ లామా సంధి చేయుమని వారన్ హేస్టింగ్సునకు లేఖ వ్రాసెను. ఆ లేఖ తెచ్చినవారిలో పూరణగిరి గోసాయి యను హిందూ సన్న్యాసి యొకడు. 1774 లో హేస్టింగ్సు బోగిలును దూతగా పంపునపుడు త్రోవ చూపినవాడును ఈ గోసాయియే. బోగిల్ జూన్‌లో తాషిఛో దుర్గము చేరి అక్టోబరు దాక అచ్చటనే యుండవలసి వచ్చెను. చీనా చక్రవర్తి పరదేశీయులను రానీయడనియు, వెనుకకు మరలుమనియు టిబెట్టునుండి జాబు వచ్చెను. బోగిల్ మరలలేదు, ముందుకు దూకనులేదు. కూర్చుండెను. ఆ దేశీయుల అన్నము తినెను, వారి పండుగలు చూచెను, చూచినదెల్ల వ్రాసికొనెను. ఈలోపున పూరణగిరి మధ్యవర్తిత్వమున అనుమతి లభించెను. బోగిల్ వ్రాతలను 1876 లో క్లెమెంట్సు మార్కమ్ అచ్చువేయించెను. వానిని చదివినవారికి ఆ నాలుగు నెలల నిరీక్షణమే ప్రయాణములో మిక్కిలి ఫలించిన భాగమని తోచును.

ఇందొక చిన్న సంగతి. ప్రతి మజిలీలోను కొన్ని దుంపలు పాతించుమని హేస్టింగ్సు ఆయనకు చెప్పియుండెను. బంగాళమునుండి వచ్చినదని మనము బంగాళాదుంప యని పిలుచు దుంపయే అది. నేడు భూటాను రైతులు దానిని పండించి మన దేశమునకే అమ్ముచున్నారు. సంధిపత్రములకంటె దుంపలు ఎక్కువకాలము నిలిచినవి.

1783 లో శామ్యూల్ టర్నరు దూతగా పోయెను. ఆయన వెంట శామ్యూల్ డేవిస్ అను చిత్రకారుడుండెను. డేవిసునకు టిబెట్టు ప్రవేశము దొరకలేదు. అదియే మేలయ్యెను, భూటానులోనే నిలిచి, దుర్గములను, వారధులను, లోయలను ఆయన గీసిన చిత్రములు నేటికిని ప్రమాణములు. 1815 లో రంగపురమునుండి కృష్ణకాంత బోసు పోయి ఆ దేశపు పరిపాలనను గూర్చి వివరముగా వ్రాసెను. ఈ దౌత్యమున రాజా రామమోహనరాయలును పాల్గొనెనని ఆ దేశచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. బ్రహ్మసమాజ స్థాపనకు పదమూడేండ్లకు పూర్వము ఆ మహాపురుషుడు ఈ కొండదారులు త్రొక్కెనన్నమాట మన చదువరులకు ప్రీతికరముగా నుండును.

ఇక ఆష్లీ ఈడెన్ కథ. దువారుల సరిహద్దు తగవులు తీర్చుకొనుటకై ప్రభుత్వమువా రాయనను 1864 జనవరిలో డార్జిలింగునుండి పంపిరి. భూటాను ప్రభుత్వము ఆహ్వానింపలేదు. త్రోవలో మాటిమాటికి ఆటంకములు కల్పించి, రావలదన్న భావము తెలిపెను. కూలీలు విడిచి పారిపోయిరి. ఈడెన్ పరివారమును తగ్గించుకొని, మంచు పడిన కనుమలు దాటి, పిలువని పేరంటమునకు పోయినట్లు పునాఖా చేరెను. నిండు సభలో టాంగ్సా పెన్లోపు తడిపిండి ముద్దతో ఆయన మొగము రుద్దెను. జుట్టు పట్టి లాగెను. దువారులను తిరిగి యిచ్చునట్లు ఒక పత్రముపై బలవంతమున సంతకము చేయించిరి. ఈడెన్ ఆ సంతకమునకు ప్రక్కనే నిర్బంధమున చేసితినని వ్రాసి బయటపడెను. దూతను అవమానించుట యే ధర్మశాస్త్రమును ఒప్పదు. అయినను ఈ కథను మనకు చెప్పినవాడు ఈడెనే యనుట మరువరాదు. ఫలితము ఘోరము. 1864 నవంబరులో యుద్ధము మొదలయ్యెను. 1865 నవంబరు 11 నాటి సించులా సంధితో భూటాను 18 దువారులను కోల్పోయెను. దానికి ప్రతిగా ఏటేట ఇచ్చుటకు నిర్ణయించిన సొమ్ము క్రమముగా పెరిగి 50,000 రూపాయలగునట్లు ఏర్పాటు. పంటభూములు, ఏనుగుల యడవులు పోయినవి. వంగదేశపు దువారులలో తేయాకు తోటలు లేచినవి. మైదానమును కోల్పోయిన దేశము కొండపై తలుపు మూసికొనెననిన ఆశ్చర్యమేమి?

1907 లో ఉగ్యెన్ వాంగ్చుక్ రాజయ్యెను. 1910 లో ఆంగ్లేయులతోను, 1949 లో స్వతంత్ర భారతముతోను సంధులు జరిగినవి. 1958 సెప్టెంబరులో మన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ పారో పోయినపుడు కూడ దక్షిణమునుండి బండిదారి లేదు; సిక్కిమునుండి నాథులా దాటి, టిబెట్టులోని చుంబీలోయ మీదుగా గుఱ్ఱములను, జడలబఱ్ఱెలను ఎక్కి పోవలసివచ్చెను. మరుసటి యేడు టిబెట్టులో సంక్షోభము కలుగగా భూటాను ఉత్తరపు తలుపు మూసి దక్షిణమునకు తిరిగెను. 1962 నాటికి ఫుంత్షోలింగునుండి దారి పడెను. దినముల ప్రయాణము గంటలలోనికి దిగెను.

1974 లో నాల్గవ రాజు పట్టాభిషేకమునకు వచ్చు అతిథులకై వసతిగృహములు కట్టించిరి. ఉత్సవము ముగిసిన పిమ్మట ఆ గృహములను ఏమిచేయుదురు? ఆ యేడే విదేశయాత్రికులకు తలుపు తెరచిరి; వచ్చినవారు 287 మంది. ఒక్కొక్కరు దినమునకు 130 డాలరులు చెల్లింపవలెను. బస, భోజనము, త్రోవచూపువాడు అన్నియు అందులోనే. జనము తక్కువ, విలువ యెక్కువ అను ఈ పద్ధతి పెక్కు మార్పులతో నిలిచినది. 2019 నాటికి వచ్చువారు మూడు లక్షలు దాటిరి. వారిలో అధికులు సుంకము లేని మన దేశీయులే. వ్యాధిభయమున 2020 లో మూసిన తలుపు 2022 సెప్టెంబరులో మరల తెరచునప్పటికి ఇతరదేశీయులకు రాత్రికి 200 డాలరుల సుంకము ఏర్పడెను. మరుసటి యేడు అది 100 కు తగ్గెను. భారతీయులకు రాత్రికి 1,200 రూపాయలు. పెద్దవారు నలుగురు ఆరు రాత్రులుండిన సుంకమే 28,800 రూపాయలగును. బస, భోజనము వేఱు. ఉపాధ్యాయుని జీతమునకు ఇది చిన్నమొత్తము కాదు. ధనవంతులకే తలుపు తీయుట న్యాయమాయని నాతోటివారు కొందరడిగిరి. దువారుల కథ తెలిసినవాడు తొందరపడి తీర్పు చెప్పడని నా సమాధానము. తన యింటికి ఎందరు వచ్చిన పొయ్యి మండునో ఇంటివారికి తెలియును. ఆ సొమ్ములో కొంత వైద్యమునకును విద్యకును పోవుచున్నది.

అందుచేత ఆరు రాత్రులకు ఆరు ఊళ్లు చూడదలచువారు నష్టపోవుదురు. మార్చి మొదలు మే వరకును, అక్టోబరు నవంబరులును అనువైన కాలము. వానకాలమున కొండచరియలు విరిగిపడి దారులు నిలిచిపోవును. హాసిమారాలో రైలు దిగినవారికి ఫుంత్షోలింగు దగ్గర. అచ్చట అనుమతిపత్రము పొంది థింపూ చేరి, ఒక దినము ఊరక విశ్రమింపవలెను. సుమారు 2,300 మీటర్ల యెత్తు మన గుండెలకు కొత్త. అచ్చటినుండి దోచూలా కనుమ మీదుగా పునాఖా. తండ్రినదియు తల్లినదియు అని పిలువబడు రెండేరులు కలియు చోట 1637 లో మొదలిడిన దుర్గము కలదు. కోట, మఠము, కచేరి మూడును ఒకే ప్రాకారములో నుండును. మొగమునకు పిండి రాయించుకొన్న దూతను తలచుకొనుచు రెండు రాత్రులు అచ్చట నుండవచ్చును. శీతకాలమున పోవువారు ఫోబ్జీఖా లోయ తప్పక చూడవలెను. టిబెట్టునుండి వచ్చు నల్లమెడ కొంగలకు తగులకుండుటకై అచ్చట విద్యుత్తీగలను భూమిలో పాతిరి. పారోలోని తాక్త్సాంగు మఠమునకు నిట్టనిలువు దారి. మోకాళ్లనొప్పులున్న పెద్దలు క్రిందినుండి చూచి నమస్కరించిన చాలును.

అచ్చటి బౌద్ధులకు మన దేశమును పరాయిది కాదు. వారు చదువు కాలచక్రతంత్రమును బుద్ధుడు ధాన్యకటకమున ఉపదేశించెనని ఉత్తరదేశపు బౌద్ధసంప్రదాయము చెప్పును. ధాన్యకటకము మన అమరావతియే. మిరపకాయను కారముగా గాక కూరగా జున్నుతో వండుకొని తినుట చూచి గుంటూరు మండలమువారును తలవంపవలసినదే. పశ్చిమ మధ్య ప్రాంతములలో భూమి తఱచుగా కుమార్తెలకు సంక్రమించును. అల్లుడు అత్తవారింటికి వచ్చును. ఇల్లరికమును ఎగతాళి చేయు మనవారు ఇది చూచి రావలెను.

ఆనందమే ఆ దేశపు కొలమానమని విని మురిసి వచ్చువారికి చూపని చోటొకటి కలదు; అది దక్షిణము. 19 వ శతాబ్దపు చివరనుండి నేపాళీ కుటుంబములు వచ్చి అచ్చటి యడవులు కొట్టి సేద్యము చేసిరి. 1958 లో వారికి పౌరత్వ మిచ్చిరి. 1985 నాటి శాసనము 1958 నాటి నివాసమునకు ఋజువు చూపుమనెను. 1989 లో బడులనుండి నేపాళీభాష తొలగెను. ఉత్తరమువారి వేషము అందరికి విధియయ్యెను. 1990 లో అలజడులు చెలరేగిన పిమ్మట సుమారు లక్షమంది పారిపోయియో వెడలగొట్టబడియో తూర్పు నేపాళపు శిబిరములలో ఇంచుమించు ఇరువదియేండ్లు గడపిరి. చర్చలెన్నియో జరిగినను వారు స్వదేశము చేరలేదు. 2007 తరువాత వారిలో అత్యధికులను అమెరికా మొదలగు దేశములు స్వీకరించినవి. పరదేశీయునికి తలుపు ఎంత తీయవలెనో నిర్ణయించుకొనుట ఆ దేశపు హక్కని నేను పైని వాదించితిని. లోపలివానినే గడప దాటించుటకు ఆ వాదము చెల్లదు. యాత్ర కూర్చుకొనువారు ఆ శిబిరములలో పెరిగినవారు వ్రాసినది కొంతయైన చదివి పోవుట మంచిది.

వచ్చిన ద్వారముననే మరలవలెనను నియమము లేదు. తీరికయున్నవారు టాంగ్సా, బుంతాంగు లోయల మీదుగా తూర్పునకు సాగి, సందృప్ జోంఖారువద్ద అస్సాములోనికి దిగవచ్చును. దిగుటకు కొంచెము ముందు డేవోతాంగు వచ్చును. 1865 లో ఆంగ్లేయులు తీసికొని, 1949 సంధి మేరకు మన ప్రభుత్వము 32 చదరపు మైళ్లతో తిరిగి యిచ్చిన దేవనగిరి అదియే. అచ్చటినుండి గౌహతి రైలుస్టేషను ఒక పూట ప్రయాణము.