పాలు చిక్కగా ఉంటే చాలా? గుడ్డు మునిగితే సేఫేనా? ఇంట్లో తెలిసేవి ఏవి.. ల్యాబ్‌లోనే తేలేవి ఏవి?

పాల ప్యాకెట్ కట్ చేయగానే చిక్కగా ఉందా లేదా అని చూస్తాం. చేపల మార్కెట్‌కి వెళ్తే మొప్పలు ఎత్తి చూస్తాం. గుడ్డుని నీళ్లలో వేసి చూస్తాం. ఇవన్నీ మంచి అలవాట్లే. కానీ వీటితో తెలిసేది సగమే. మిగతా సగం కంటికి కనిపించదు, వాసన రాదు, కాచినా పోదు. మరి దాన్ని ఎవరు పట్టుకుంటారు? ఎలా పట్టుకుంటారు? మీకు అనుమానం వస్తే ఏం చేయొచ్చు? వివరాలు ఇవే.

నాణ్యత వేరు.. భద్రత వేరు

ముందుగా ఈ తేడా తెలుసుకోవాలి. పాలలో నీళ్లు కలిపితే వెన్న శాతం తగ్గుతుంది. అది నాణ్యతలో లోపం. చట్టం భాషలో నాసిరకం. అదే పాలలో డిటర్జెంటో, పరిమితి దాటిన మందుల అవశేషాలో ఉంటే అది ప్రమాదకర ఆహారం కిందకి వస్తుంది. నాసిరకం సరుకు అమ్మితే 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. ప్రమాదకరమైనది అమ్మితే జైలు కూడా తప్పదు.

2018లో ఏం తేలిందంటే..

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో దేశవ్యాప్తంగా పాలపై పెద్ద సర్వే చేయించింది. మొత్తం 6,432 శాంపిల్స్ సేకరించారు. వాటిలో ప్రమాదకరమైన కల్తీ దొరికింది కేవలం 12 శాంపిల్స్‌లోనే. అందులో 9 తెలంగాణవి కావడం అప్పట్లో చర్చ అయింది.

అయితే అసలు షాక్ వేరే చోట ఉంది. 368 శాంపిల్స్‌లో, అంటే 5.7 శాతంలో, అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషపదార్థం పరిమితి దాటింది. మరో 77 శాంపిల్స్‌లో యాంటీబయాటిక్స్ పరిమితికి మించి ఉన్నాయి. అంటే పాలవాడు కలిపిన దానికంటే ఎవరూ కలపకుండానే వచ్చిన ప్రమాదం చాలా ఎక్కువ.

ఇంతకీ ఈ అఫ్లాటాక్సిన్ ఎక్కడి నుంచి వస్తుంది?

దాణా నుంచి. వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క, మొక్కజొన్న తడిసి బూజు పడితే అందులో ఈ విషం తయారవుతుంది. ఆ దాణా తిన్న గేదె, ఆవు పాలలోకి అది వేరే రూపంలో దిగుతుంది. అదే ఎం1. మన దగ్గర దీనికి పరిమితి కిలో పాలకు 0.5 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో 10 లక్షల వంతు. అంత తక్కువ మోతాదుని నాలుక, ముక్కు పట్టుకోలేవు. కాచితే బ్యాక్టీరియా చనిపోతుంది కానీ ఇది పోదు. పైగా ఆ సర్వేలో విడి పాల కంటే ప్రాసెస్ చేసిన పాలలోనే ఇది ఎక్కువగా కనిపించింది. కాబట్టి ‘ప్యాకెట్ పాలు కదా, టెన్షన్ లేదు’ అనుకోవడానికి లేదు.

యాంటీబయాటిక్స్ సంగతి కూడా ఇంతే. పొదుగు వాపు వచ్చిన పశువుకి ఇంజెక్షన్ చేస్తే, డాక్టర్ చెప్పిన గడువు వరకు ఆ పాలు కేంద్రానికి పోయకూడదు. ఆ గడువు పాటించకపోతే మందు మన గ్లాసులోకి వస్తుంది. ఇలా కొద్దికొద్దిగా మందులు ఒంట్లోకి చేరుతుంటే, వాటికి లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది. కోళ్ల పెంపకంలో వాడే కోలిస్టిన్‌ని కేంద్రం 2019లో నిషేధించింది ఇందుకే. అది మనుషులకి చివరి అస్త్రంగా వాడే మందు.

ఇంట్లో చేసుకోగల టెస్టులు

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పిన సులువైన పద్ధతులు ఇవి..

* నీళ్లు: నున్నటి, వాలుగా ఉన్న పలకపై పాల చుక్క వేయండి. మెల్లగా జారుతూ తెల్లటి గీత వదిలితే మంచివి. గీత లేకుండా జారిపోతే నీళ్లు కలిసినట్టే.
* డిటర్జెంట్: 5 నుంచి 10 మి.లీ. పాలు, అంతే నీళ్లు సీసాలో పోసి బాగా ఊపండి. దట్టమైన నురగ వస్తే అనుమానించాలి. మంచి పాలకి పల్చటి నురగే వస్తుంది.
* గంజి పిండి: 2, 3 మి.లీ. పాలలో 5 మి.లీ. నీళ్లు పోసి మరిగించి, చల్లారాక టించర్ అయోడిన్ 2, 3 చుక్కలు వేయండి. నీలం రంగు వస్తే పిండి కలిసింది. టెస్ట్ చేసిన పాలు తాగకుండా పారబోయాలి.

గుడ్డు నీళ్లలో మునిగి అడుగున పడుకుంటే తాజాది. పాతబడే కొద్దీ లోపలి తేమ పెంకులోని సన్నటి రంధ్రాల నుంచి పోయి గాలి గది పెద్దదవుతుంది, అందుకే తేలుతుంది. అయితే మునిగిన గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా లేదని గ్యారంటీ లేదు. బాగా ఉడికించడమే దానికి మందు.

చేప, రొయ్య, మాంసం..

2018లో చేపలకి ఫార్మాలిన్ పూస్తున్నారన్న వివాదం దేశాన్ని కుదిపేసింది. ఆంధ్రా చేపలపై అసోం కొన్ని రోజులు నిషేధం కూడా పెట్టింది. దెబ్బ తిన్నది మన చెరువుల రైతులే. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారు చేసిన పేపర్ స్ట్రిప్ కిట్‌తో ఫార్మాలిన్ ఉందో లేదో నిమిషాల్లో తేల్చొచ్చు. చేపపై స్ట్రిప్ రుద్ది మందు చుక్క వేస్తే, రంగు మార్పుని బట్టి తెలుస్తుంది.

రొయ్యల విషయంలో పరీక్షలు ఇంకా కఠినం. యూరప్‌కి వెళ్లే సాగు రొయ్యల కోసం పట్టుబడికి ముందే చెరువు శాంపిల్‌ని టెస్ట్ చేస్తారు. నిషేధిత యాంటీబయాటిక్ దొరికితే సర్టిఫికెట్ రాదు. యూరప్ తన పోర్టుల్లో తనిఖీ చేసే మన కన్‌సైన్‌మెంట్ల వాటాని 2016లో 10 నుంచి 50 శాతానికి పెంచింది. ఇదంతా విదేశీ ప్లేటు కోసం. మన వీధి చివర కొనే అరకిలో రొయ్యకి ఇంత కాపలా లేదు.

మాంసం ఏ జంతువుదో తేల్చాలంటే డీఎన్‌ఏ పరీక్షే దారి. ఇందులో హైదరాబాద్‌ది పెద్ద పాత్ర. సీసీఎంబీ, చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ ఈ పని చేస్తాయి.

అనుమానం వస్తే.. మీకున్న హక్కు ఇదే

చాలామందికి తెలియని విషయం ఇది. ఆహార భద్రత చట్టం, 2006లోని సెక్షన్ 40 ప్రకారం, అధికారులే కాదు, కొన్నవాళ్లు ఎవరైనా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. అయితే ఒక కండిషన్ ఉంది. ‘దీన్ని టెస్ట్‌కి పంపిస్తాను’ అని కొనేటప్పుడే షాపువాళ్లకి చెప్పాలి. రిపోర్టు తేడాగా వస్తే మీ ఫీజు తిరిగి ఇస్తారు, అధికారులు చర్యలు మొదలుపెడతారు.

అంత దూరం వెళ్లలేకపోతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్ ఫ్రీ నంబర్ 1800112100కి ఫోన్ చేయొచ్చు. అప్పుడు మూడు పనులు మర్చిపోవద్దు. బిల్లు దాచండి. ప్యాకెట్‌పై బ్యాచ్ నంబర్, తేదీ ఫొటో తీయండి. మిగిలిన సరుకుని పారేయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి.

పాల చుక్క జారే తీరు చూసి నీళ్లు కలిపినవాళ్లని పట్టుకోవచ్చు. బూజు పట్టిన దాణాని, గడువు పాటించని ఇంజెక్షన్‌ని మాత్రం ల్యాబే పట్టుకోవాలి. మనం అడిగితేనే ఆ శాంపిల్ ల్యాబ్ దాకా వెళ్తుంది.