పూర్వుల తుపాకి - దాని చరిత్రము, సంరక్షణము



ఈ మహాసభ సంచికకు వంశచరిత్రమునకు సంబంధించిన వ్యాసము నొకదానిని పంపుమని కార్యదర్శిగారు కోరిరి. శాసనములుగాని తామ్రపత్రములుగాని నాయొద్ద లేవు. పితామహులనుండి సంక్రమించిన తుపాకి యొక్కటి మాత్రము గలదు. దానిని శుభ్రపఱచుట నేర్చుకొనుచుండగా నాకు దెలియవచ్చిన చరిత్రమునే విన్నవించుచున్నాను.

ఈ తుపాకి మా యింటి నడవలో గోడకు వ్రేలాడుచుండెడిది. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన జరిగిన బొబ్బిలి యుద్ధమున మా పూర్వులొకరు దీనిని ధరించి పోరాడిరని పెద్దలు చెప్పుచుండిరి. నేనును ముప్పది యేండ్లు పాఠశాలలో బాలుర కాకథయే చెప్పితిని. ప్రతి మహర్నవమినాడును పసుపునీటితో కడిగి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి పూజించెడివారము. ఆ తడిని తుడువక విడుచుటచే నినుము తుప్పుపట్టుచున్నదని యెవ్వరికిని దోపలేదు. ఖాళీ తుపాకియే యను నమ్మకముచే పిల్లలు దాని గుఱ్ఱమును వెనుకకు లాగి విడిచి యాడుకొనుచుండిరి.

నా తండ్రిగారు గతించిన పిమ్మట, 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి వారసులు తుపాకిని ఆలస్యము లేక పోలీసుఠాణాయందుగాని లైసెన్సుగల వర్తకునియొద్దగాని యప్పగింపవలెనని తెలిసికొని, ఠాణావారికి దెలిపి, అట్టి వర్తకునియొద్దకు గొనిపోతిని. అచ్చటి వృద్ధుడైన మరమ్మతుదారు తుపాకిని చేతబట్టి, ముందుగా దాని మూతిని జనులు లేని దిక్కునకు త్రిప్పెను. పిమ్మట గజమను నినుపచువ్వను గొట్టములోనికి జార్చి, మూతికడ వ్రేలితో గుఱుతు పట్టి, వెలికిదీసి, గొట్టమున కానించి చూపెను. 39 అంగుళముల గొట్టమున చువ్వ యడుగంట పోవలేదు. నాలుగు వ్రేళ్ళ మేర వెలితిగా నిలిచినది. అనగా తుపాకి దట్టించియే యున్నది! 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము రాకమునుపు మా తాతగారు వేటకై దట్టించి, కాల్పక విడిచిన మందది. తడి సోకని తుపాకిమందు దశాబ్దములు గడచినను చావదు. పైని రాగిటోపీ లేకపోవుటచేతనే మా పిల్లలు బ్రతికిరి. ఆ మాట విన్నప్పుడు నా శరీరము కంపించెను. ఆయన నీరుపోసి మందును నానవైచి, మరచువ్వతో గుండును పెఱికివైచెను. ఇది నేర్చినవాని పనియేగాని గృహస్థుడు చేయదగినది గాదు.

తరువాత శుభ్రపఱచు విధమును నేర్పెను. ఆనాటి మందు నూటికి 75 పాళ్ళు సురేకారము, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకము కలిసినది. కాలినపిదప నందు సగమునకు పైగా మసియు లవణములునై మిగులును. ఈ లవణములు గాలిలోని తేమను బీల్చి యినుమును దినును. నూనె వీనిని కరగింపదు, నీరు కరగించును. కావున ముందు వేడినీరు, పిమ్మట పొడిగుడ్డ, తుదకు పలుచని నూనె. వేడినీరేల యనగా, గొట్టము వేడెక్కి తడి త్వరగా నాఱును. కట్టెభాగమునకు నీరు సోకరాదు. ఇటుకపొడితో తోమరాదు, తోమినచో ముద్రలు చెఱగును.

ఆ ముద్రలే నాకు గురువులైనవి. తుప్పు వదలగా ఫలకముపై కిరీటమును, 'టవరు' అను నక్షరములును, 1862 అను సంఖ్యయు దోచెను. ఇది 1853 నాటి ఎన్‌ఫీల్డు మాదిరి. గొట్టములో మెలికదిరిగిన మూడు గాడులు గుండును గిరగిర ద్రిప్పి సూటిగా బంపును. ఈ మాదిరి తూటాల కాగితమునకు బూసిన క్రొవ్వునుగూర్చిన సందేహమే 1857 నాటి సిపాయిల తిరుగుబాటునకు సన్నిహితకారణములలో నొకటి. టోపీతో పేల్చు పద్ధతియే 19వ శతాబ్దమున బుట్టినది. బొబ్బిలినాటి తుపాకులు వత్తితోను చెకుముకిరాతితోను పేలునవి. మా తుపాకి యా యుద్ధమునకు నూఱేండ్లకు పైగా చిన్నది.

మొదట చిన్నబుచ్చుకొంటిని. పిదప నాలోచించితిని. 1878లో లిట్టను ప్రభువు కాలమున వచ్చిన ఆయుధచట్టము భారతీయులకు లైసెన్సు విధించి, యూరోపియనుల నా నిర్బంధమునుండి తప్పించెను. అట్టి దినములలో నొక తుపాకిని ధర్మముగా నిలుపుకొనిన పూర్వులకు బొబ్బిలి కీర్తిని యరువు దేనక్కఱలేదు.

కావున సోదరులకు నా మనవి యిది. ఎవరేమి చెప్పినను ప్రతి తుపాకియు దట్టించినదే యని భావింపుడు. మూతిని మనుష్యునివంక ద్రిప్పకుడు. తుపాకిని, మందును వేఱువేఱుగ తాళములలో నుంచుడు. 2019 సవరణచే వారసత్వముగా వచ్చినవి కూడ రెంటికి మించరాదు, పత్రములను సరిచూచుకొనుడు. పూజానంతరము పొడిగుడ్డతో తుడువుడు. ఫలకముపై సంవత్సరమును జదివి యొక కాగితమున వ్రాసిపెట్టుడు.

నా పూర్వశిష్యులలో నీ సంచికను జదువువారు నేను చెప్పిన యా పాఠమును దిద్దుకొందురుగాక!