మొద్దు మీద తీసిన పదును

మా ఖిలాషాపురం గురించి ఎవరు రాసినా కోటతోనే మొదలుపెడతారు. అది న్యాయమే. జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోని ఈ ఊరు నలుగురికీ తెలిసింది సర్వాయి పాపన్న వల్లనే. గీత కులంలో పుట్టి, మొఘల్ అధికారుల మీద తిరగబడి, 1708లో వరంగల్ మీద పడి, 1710లో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఖాఫీ ఖాన్ ఫారసీలో రాసిన చరిత్రలో కూడా ఆయన కల్లు అమ్మే కులంవాడనే ఉంది. ఆయన కోట రాతి బురుజులు కొన్ని ఇంకా నిలిచే ఉన్నాయి. విగ్రహాల్లో ఆయన చేతిలో ఎక్కువగా ఖడ్గమే కనిపిస్తుంది.

నాకు మాత్రం ఆ కోట వైపు చూసినప్పుడల్లా గీత కత్తి గుర్తుకొస్తుంది. పాపన్న చేతికి ఖడ్గం రాకముందు ఆ కులపు ఇళ్లల్లో ఉన్న కత్తి అదే. మా ఇంటి చూరుకు వేలాడిందీ అదే. నిజాం కాలంలో చెట్టు సర్కారుది, గుత్త ఇంకొకరిది. తర్వాత బొమ్మగాని ధర్మభిక్షం వంటివారు గీత కార్మికులను కూడగట్టారు, సొసైటీలు వచ్చాయి. కాలం ఏదైనా గీసేవానికి అచ్చంగా సొంతమైనవి చెట్టెక్కే మోకు, ముస్తాదు, గీసే కత్తి. ఆ మూడింటిలో రోజూ సేవ కోరేది కత్తే.

కత్తి చేసేది కమ్మరి. కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీళ్లల్లో ముంచి ఇస్తాడు. ఆ కత్తి మట్టలు కొట్టడానికి సరిపోతుంది కానీ గెల గీయడానికి పనికిరాదు. తాటి గెల కొసను ఉల్లిపొర మందాన కోయాలి, పూటపూటకూ కోయాలి. వాదర మొద్దుబారితే కత్తి కోయదు, నలుపుతుంది. నలిగినచోట నరాలు మూసుకుపోయి చుక్క రాలడం మందగిస్తుంది. లొట్టి ఎందుకు నిండలేదో కత్తిని చూసి చెప్పేవాళ్లు మా పెద్దవాళ్లు.

గెల గీసే ఆఖరు పదును తీసేది రాయి కాదు, చెక్క. బాపు దగ్గర మూరెడు పొడుగు మొద్దు ఒకటుండేది. గుట్టల దగ్గర దొరికే తెల్లటి పలుగురాయిని ఏరుకొచ్చి, కాల్చి, రోట్లో దంచి, పాత పంచె గుడ్డలో జల్లించేవాడు. గుడ్డలోంచి దిగింది ముగ్గుపిండి కన్నా మెత్తగా ఉండేది. తెల్లారకముందే మొద్దును ఏటవాలుగా పెట్టి, ఒక కొసను కాలితో అదిమి, చిటికెడు పొడి చల్లి, కత్తిని దాదాపు పడుకోబెట్టి ముందుకూ వెనక్కూ తీసేవాడు. ఆ చప్పుడు మొదట గరగరమని, పోనుపోను సన్నగిల్లి, చివరికి గాలి ఊదినట్టు ఉండేది. చప్పుడు ఆగిపోతే నాకు మెలకువ వచ్చేది. అప్పటికి బాపు ముంజేతి వెంట్రుకల మీద కత్తి పెట్టి చూసుకుంటూ ఉండేవాడు.

ఒకసారి నన్ను తియ్యమన్నాడు. నేను బలమంతా పెట్టాను. "ఒత్తకు కొడుకా. ఒత్తితే చెక్క లేచి వాదరను గుండ్రం చేస్తది. కత్తి బరువే సాలు" అన్నాడు. ఇందులో ఎంత లెక్క ఉందో చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు. చెక్క కన్నా ముందు పట్టే సానరాయి ఇనుమును కొరికి తీస్తుంది. వాదర కొసన కంటికి ఆనని సన్నటి పొర ఒకటి లేచి, ఒక పక్కకు వంగి నిలుస్తుంది. వేలు అడ్డంగా జరిపితే గీరుకుంటుంది. దాన్ని తీయకపోతే మొదటి కోతకే వంగి విరుగుతుంది, కత్తి మొండిదవుతుంది. చెక్క మీది పొడి రాయిలా కొరకదు. రేణువులు చెక్కలోకి దిగి కూర్చుని, ఆ పొరను మెల్లగా అరగదీసి, రాయి పెట్టిన గీతలను నున్న చేస్తాయి.

ఊళ్లో క్షవరం చేసే తాత కూడా చేసేది ఇదే పని. ఆయనది తోలుపట్టీ. ఒక కొసను కిటికీ కొక్కేనికి తగిలించి, ఇంకో కొసను ఎడమచేత్తో లాగిపట్టి, కత్తిని వీపు ముందు, వాదర వెనక ఉండేటట్టు జార్చేవాడు. కొసకు రాగానే వీపు మీదే తిప్పి మళ్లీ ఇవతలికి తెచ్చేవాడు. వాదరను ముందు పెడితే తోలు తెగుతుంది. అందుకే బాపులా ముందుకూ వెనక్కూ రుద్దడం ఆయనకు కుదరదు. బ్లేడు మార్చుకునే కత్తులు వచ్చాక ఆ పట్టీ మూలన పడింది. వాడి పారేసే బ్లేడుకు పట్టీతో పనిలేదు. గీత కత్తికి మాత్రం ఇంతవరకూ అలాంటి బ్లేడు రాలేదు.

చెట్టు మీంచి పడి మా కులంలో ఎందరో పోయారు. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో కొత్త రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చాలా మంచి పని. దానితోపాటు ఇంకో మాట కూడా చెప్పాలనిపిస్తుంది. మొండి కత్తితో ఎక్కినవాడు పైన బలం పెట్టాలి. బలం పెడితే ఒళ్లు ఊగుతుంది, కాలు పట్టు తప్పుతుంది. పదును ఉంటే మణికట్టు కదిపితే చాలు. నేర్పే పెద్దలు తగ్గిపోతున్నారు. మోకు కట్టడం నేర్పినంత ఓపికగా కత్తి తీయడం కూడా పిల్లలకు నేర్పాలి.

బాపు మొద్దు ఇప్పుడు నా దగ్గరుంది. నడుమ గుర్రపు జీనులా పల్లం పడింది. ఇంకా చెట్లు గీస్తున్న మా తమ్ముడు రోజూ వచ్చి దాని మీదే కత్తి తీసుకుంటాడు. పని కాగానే మొద్దు మీద మిగిలిన పొడిని అరచేత్తో ఊడ్చి, జాగ్రత్తగా డబ్బాలో పోస్తాడు. కొత్త పొడి వేరే డబ్బాలో ఉంటుంది, దాన్ని మొదట్లోనే వాడతాడు. ఆఖరు తీత ఎప్పుడూ పాత పొడితోనే. అరిగి అరిగి అది ఇంకా మెత్తబడి ఉంటుంది.