పులికాట్ (పళవేర్కాడు)

చెన్నైకి ఉత్తరాన సుమారు 55 కి.మీ. దూరంలో, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న పాత రేవు పట్టణం. ఒక్కరోజు విహారానికి అనువైనది. విజయనగర ప్రభువు వెంకటపతి రాయల అనుమతితో ఇక్కడికి వచ్చిన డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టి, 1690 వరకు కోరమండల్ తీరపు వ్యాపారాన్ని ఇక్కడి నుంచే నడిపారు. ఇక్కడి అద్దకపు బట్టలు ఆగ్నేయాసియాకు ఓడలెక్కాయి.

కోట శిథిలమైపోయింది. తప్పక చూడవలసింది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న డచ్చి శ్మశానం: దాని ద్వారానికి అటూ ఇటూ రాతిలో చెక్కిన అస్థిపంజరాలు, లోపల డచ్చి అక్షరాలు చెక్కిన సమాధి పలకలు.

సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌దే. అక్కడి దీవుల తెలుగువారి బతుకును స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ ఎంతో ఆత్మీయంగా చెప్పాయి. ఫ్లెమింగోలను చూడాలంటే చలికాలంలో వెళ్లాలి.