సద్దిమూటకు బిల్లేదీ?

మా తిరుచానూరులో ఎదురింటి అమ్మాయి జీవిత బీమా ఏజెంటు. జీతం లేదు, కమీషనే ఆధారం. వారానికి రెండుసార్లయినా పుత్తూరనో, మదనపల్లె అనో బస్సెక్కుతుంది. రిటర్నులు వేసే రోజులొచ్చాయి గదా, మొన్నొక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. అన్నీ హోటలు బిల్లులే!

"అక్కా, ఊళ్లు తిరిగి తిన్నదంతా పనికోసమే గదా. పన్నులో తీసేస్తారంటావా?" అంది.

నాకు మన బత్తెం గుర్తొచ్చింది. జీతం బత్తెం లేకుండా తోడేలు మేకల్ని కాస్తానందని సామెత ఉండనే ఉంది. అంటే జీతం వేరు, బత్తెం వేరన్నమాట. పనిలో ఉన్న మనిషికి ఏ పూటకాపూట తిండికిచ్చేది బత్తెం. కుంపిణీ దొరలు దాన్నే బత్తా అన్నారు. పలాసీ యుద్ధం తర్వాత మీర్ జాఫర్ పుణ్యమా అని బెంగాలులోని తెల్ల ఆఫీసర్లు రెట్టింపు బత్తా మరిగారు. 1766లో క్లైవు దాన్ని కోసేసరికి అందరూ కట్టకట్టుకుని రాజీనామాలకు దిగారు. క్లైవు లొంగలేదనుకోండి. కానీ తిండిఖర్చు మీద చెయ్యి పడేసరికి సైన్యమే కదిలింది, చూశారా!

మన తిరుపతిలో 15వ శతాబ్దంలో సాళువ నరసింహరాయలు రామానుజకూటం పెట్టించి, కందాడై రామానుజయ్యంగారికి అప్పగించాడు. యాత్రకొచ్చిన శ్రీవైష్ణవులకు అక్కడ భోజనం. అది దేవుడి పనిమీద వచ్చినవాళ్ల మాట. నౌకరీ చేసేవాడికి దొర బత్తెమిస్తాడు. మరి సొంతంగా బతికే మనిషికో? తన బత్తెం తనే ఇచ్చుకోవాలి. అక్కడే పన్నువాళ్లు ఎదురవుతారు.

1857 తిరుగుబాటుతో ఖజానా ఖాళీ అయితే, 1860లో జేమ్స్ విల్సన్ ఈ దేశానికి ఆదాయపు పన్ను తెచ్చాడు. పాపం, ఆ ఏడే కలకత్తాలో కన్నుమూశాడు. పన్ను మాత్రం బతికింది. 1961 చట్టంలో 37వ సెక్షను ఏమందంటే, ఖర్చు పూర్తిగా, కేవలం వృత్తి కోసమే అయివుండాలి, సొంత ఖర్చు కాకూడదు. పొరుగూరు పనిమీద వెళ్లి తిన్న భోజనం, ఆధారముంటే, లెక్కలోకి వస్తుంది. సొంత ఊళ్లో తిన్న దోసె రాదు. 2025లో కొత్త చట్టం చేసినా ఈ మెలిక పోలేదు.

ఇంగ్లండులో 1975లో ఒక వడ్రంగి కోర్టుకెక్కాడు. మధ్యాహ్నం ఇంట్లో తింటే 10 పెన్నీలు, పనిచోట తింటే 40. ఆ పై 30 తీసేయమన్నాడు. జడ్జి టెంపుల్‌మన్ కుదరదన్నాడు. మనిషి తినేది బతకడానికి గాని పనిచెయ్యడానికి కాదట! ఆ జడ్జిగారికి మధ్యాహ్నం భోజనం ఎవరు సర్దిపెట్టేవారో!

మన దగ్గర 1991లో చిన్న ఏజెంట్లకు కాస్త వెసులుబాటు ఇచ్చారు. కమీషను 60,000 రూపాయల లోపుండి, లెక్కలు రాయనివాళ్లకు మొదటి ఏడాది కమీషనులో సగం, తర్వాతి వాయిదాల మీద వచ్చేదాంట్లో 15 శాతం ఖర్చుకింద వదిలేశారు, మొత్తం 20,000 దాటకుండా. బిల్లులడగలేదు. ఇంటినుంచి మోసుకుపోయిన సద్దిమూట కూడా అందులో కలిసిపోయినట్టే. ఈనాటి ధరల్లో ఆ అంకెలు దేనికి పనికొస్తాయి?

ఇంతా చెప్పి బిల్లులు లెక్కపెట్టాను. పట్టుమని ఇరవై లేవు.

"ఇంతేనామ్మే? ఏడాది పొడుగునా తిరుగుతుంటివే!"

"మిగతా రోజులు తెల్లారుజామున లేచి పులిహోరో పెరుగన్నమో కట్టుకుపోతానక్కా. హోటల్లో దండగెందుకని."

అదీ సంగతి. నాలుగింటికి లేచి వండిన పులిహోరకు రసీదు ఎవరిస్తారు? ఆ బియ్యం, చింతపండు ఇంటి సరుకుల చీటీలో ఉన్నాయి. ఆమె చాకిరీ ఏ చీటీలోనూ లేదు. హోటల్లో తిన్నవాళ్ల ఖర్చు పద్దుకెక్కుతుంది, పొదుపు చేసిన ఇల్లాలిది ఎక్కదు.

"అయితే ఇకనుంచి హోటల్లోనే తిను" అన్నాను ఉక్రోషంగా.

మర్నాడు పొద్దున్నే బస్సుకు పోతూ కనిపించింది. చేతిలో క్యారియరు!

"లెక్కేశానక్కా. నూరు రూపాయల భోజనం చేసినా పన్నులో తగ్గేది, తగ్గితే, కాసింతే. దానికోసం మిగతాదంతా తగలెయ్యమంటావా?" అంటూ బస్సెక్కేసింది.