నౌకలు రాని నౌకాస్థావరము

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసి, జపానుతోడి చెలిమి సడలుచున్న కాలమున, 1921లో, బ్రిటిషు మంత్రివర్గము సింగపూరునందొక మహానౌకాస్థావరమును నిర్మింప నిశ్చయించెను. యుద్ధనౌకలు ఐరోపా సముద్రములందే యుండును. తూర్పున ఆపద కలిగినప్పుడు అవి తరలివచ్చును. అంతవఱకు ఆ ద్వీపము తన్ను తాను కాచుకొనవలయును. ఇదియే ఆ యోచన. డబ్బు చాలక పనులు పలుమాఱులు కుంటుపడి, తుదకు 1938లో మహానౌకలను మరమ్మతు చేయు డాకు ప్రారంభమగునాటికి, హిట్లరువలనను ముస్సోలినీవలనను బ్రిటిషు నౌకలకు ఐరోపా విడిచి కదలరాని స్థితి యేర్పడెను. నౌకల రాకకు ఒకప్పుడు 70 దినముల గడువు వేసికొన్నవారే 1939లో దానిని 180 దినములకు పెంచిరి. గడువు పెరిగినకొలది స్థావరముమీది నమ్మకము తఱుగవలసినది, తఱుగలేదు. పసిఫిక్ యుద్ధపు తొలి పరాజయములకెల్ల మూలము నాకిచ్చటనే కనబడుచున్నది.

నౌకల లోటును విమానములతో పూరింపదలచి, ఆ ద్వీపమునకు ఉత్తరముననున్న మలయాలో విమానాశ్రయములు కట్టిరి. 336 విమానములు కావలెనని సేనానాయకులు లెక్కవేయగా, యుద్ధారంభమున ఉన్నవి 158. అందును పెక్కు జపాను జీరో విమానములకు ఎదురు నిలువజాలనివి. అయినను ఆ ఆశ్రయములు శత్రువునకు చిక్కరాదని భారతీయ పటాలములను దూరదూరముగ చెదరగొట్టి కాపలా నిలిపిరి. లేని విమానములకొఱకు ఉన్న సైన్యమును వ్యయపఱచుటకంటె ఘోరమేమున్నది?

1941 డిసెంబరు 8వ తేదీన, అర్ధరాత్రి దాటిన వెంటనే జపాను సేనలు మలయాలోని కోటబారు తీరమున దిగెను. రెండు దినములకు, కువాంటాను చెంత, ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అను మహానౌకలు, పైన రక్షకవిమానమొక్కటియు లేక, ఇండోచైనానుండి వచ్చిన విమానములకు ఎరయై మునిగిపోయెను; అడ్మిరల్ ఫిలిప్సుతో కూడ ఎనిమిదివందలకు పైగా నావికులు మరణించిరి. తోడు రావలసిన విమానవాహక నౌక జమైకావద్ద నేలతట్టి నిలిచిపోయియుండెను. ఫిలిప్పీన్సులో, పెర్ల్ హార్బరుపై జపాను దాడి వార్త అంది గంటలు గడచినను క్లార్కు ఫీల్డులోని అమెరికను విమానములు నేలమీదనే నాశనమయ్యెను. గువాం, వేక్, హాంకాంగు డిసెంబరు దాటకమునుపే పోయెను.

మలయాలో జపాను పదాతులు సైకిళ్లపై వచ్చిరి. టైరు పగిలినచో దానిని పెఱికివైచి ఉత్త ఇనుప చక్రముతోనే త్రొక్కుకొనిపోయిరి. చీకటిలో ఆ రొద టాంకుల చప్పుడని భ్రమ గొలిపినది. నిజముగా టాంకులును వారికి కలవు. బ్రిటిషువారికి మలయాలో ఒక్కటియు లేదు. జిత్రాలో భారతీయ దళము చెదరెను. జనవరి 7వ తేదీన స్లిం నదియొద్ద టాంకులు రాత్రికి రాత్రి మార్గమును చీల్చుకొనిపోయెను.

సింగపూరు ఫిరంగులు సముద్రమువైపునకే గాని తిరుగవను మాట లోకమున వ్యాపించినది, కాని సరికాదు. పెక్కు ఉత్తరమునకు తిరుగగలవే. అయితే పెద్ద ఫిరంగుల గుండ్లు హెచ్చుగా ఓడల ఉక్కును చీల్చుటకు చేసినవి, నేలమీది సైన్యముపై వానివలన ప్రయోజనము స్వల్పము. నౌకాస్థావరము ద్వీపపు ఉత్తరతీరముననే యుండుటచే జలసంధి కావలి జొహోరునుండి ఫిరంగి దెబ్బకు అందినది. జపానువారు ద్వీపమున దిగకమునుపే దానిని విడిచిపెట్టవలసివచ్చెను. ఫిబ్రవరి 15న, మంచినీరు కొఱవడిన నగరమును చూచి, బ్రిటిషు సేనాపతి జనరల్ పెర్సివల్ బుకిట్ తిమాలోని ఫోర్డు కర్మాగారమున జపాను సేనాపతి యమషితకు లొంగిపోయెను. దండయాత్ర మొదలై అది డెబ్బదియవ దినము.

ఈ పరాజయభారము మనవారిమీదను పడినది. లొంగుబాటు జరిగిన రెండు దినములకు సింగపూరులోని ఫారర్ పార్కులో బ్రిటిషువారు భారతీయ సైనికులను జపానువారికి అప్పగించిరి. వారినుండియే ఆజాద్ హింద్ ఫౌజు పుట్టినది. మార్చి 8న బర్మాలోని రంగూను పడకమునుపే, అచ్చటి రేవులో మూటలు మోసిన తెలుగు కూలీలు ఎందఱో కాలినడకను అరకాను కొండలు దాటి స్వదేశమునకు బయలుదేరిరి. ఏప్రిలు 6న విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు పడెను. మలయా రబ్బరు తోటలలో చిక్కుకొన్న తమిళ, తెలుగు కూలీలను జపానువారు సయాం–బర్మా రైలుమార్గపు పనికి తరలించిరి. వారిలో వేలమంది ఆ అడవులలోనే కన్నుమూసిరి.